క్రేబాహ్‌కి స్టేషన్ వచ్చింది

తెర మీద నడిచేటప్పుడు లోరెంజ్ వేగెలే బూట్లు వేసుకోడు. నగరంలో నాటకశాల పైఅంతస్తులో పనిచేసిన ఇన్నేళ్ళూ అదే అలవాటు, ఇప్పుడు క్రేబాహ్ ఊరి దిగువన పచ్చికబయల్లోనూ అదే. ఉన్ని మేజోళ్ళతో, మనిషెత్తు కర్రకి బిగించిన కుంచెని రెండు చేతులా పట్టుకుని, నేలమీద పరిచిన గుడ్డ మీద వెనక్కి నడుస్తూ నల్లగీత లాగుతున్నాడు. దగ్గర నిలబడి చూస్తే అది వట్టి గీతే. చెట్టెక్కి చూస్తే రైలు పట్టా.

"ఒంకర పోయింది," అన్నాడు నిచ్చెన మీంచి బల్తాజర్. నాటకశాలలో వడ్రంగి అతను. లోరెంజ్ వేసిన ప్రతి తెరకీ చట్రం కట్టింది అతనే.

"ఎక్కడ?"

"ఎక్కడా లేదులే. నీ చెయ్యి ఇంకా ఉలిక్కిపడుతుందా లేదా అని చూశాను."

లోరెంజ్ కుంచె ఎత్తకుండా గీత చివరంటా లాగి, అప్పుడు నడుం పట్టుకుని నిటారుగా నిలబడ్డాడు. అరవై దాటిన నడుం. పొయ్యి మీద ఎముకల జిగురు ఉడుకుతోంది. ఆ కంపుకి కాపలా ఉన్న ఇద్దరు ముసలి సిపాయిలూ గాలివాటు చూసుకుని అటువైపు జరిగి కూచున్నారు.

"అయినా లోరెంజ్, మన పని చూడ్డానికి విమానమెక్కి వచ్చేవాళ్ళు ఇన్నాళ్ళకి దొరికారు," అన్నాడు బల్తాజర్ మేకు కొడుతూ. "చప్పట్లు కూడా గట్టిగానే కొడతారు."

"నోరు ముయ్యవోయ్."

పంతొమ్మిదివందల నలభైమూడో సంవత్సరం అక్టోబరు నెల అది. నగరంలోని పెద్ద స్టేషన్ కోసం ఇంగ్లీషువాళ్ళ విమానాలు రాత్రిళ్ళు వస్తున్నాయి. ఆ స్టేషన్ మీంచే సైన్యం తూర్పుకి పోతుంది. నగరం దగ్గర నది ఎలా వంపు తిరుగుతుందో, పైకి పోతే ఇక్కడ క్రేబాహ్ దగ్గరా అలాగే తిరుగుతుంది. అందుకని ఆ వంపులో ఇంకో స్టేషన్ కడుతున్నారు. చెక్కబద్దలతో, రేకులతో, గుడ్డతో. ప్లాట్‌ఫారాలు, అద్దాల కప్పులు, ఇంజన్లు నిలిపే కొట్లు, అన్నీ ఉంటాయి. చీకటి పడ్డాక దాచడం చేతకానివాడు దాచినట్టు అక్కడక్కడ దీపాలు కూడా మినుకుమంటాయి. నగరంలో మాత్రం గుడ్డి చీకటి. పైనున్నవాళ్ళు నమ్మితే బాంబులు ఇక్కడ పడతాయి.

యుద్ధంలో కొత్త గుడ్డ ఎవరిస్తారు? నాటకశాల అటక మీది పాత తెరలన్నీ లారీల్లో వేసుకొచ్చారు. అడవి తెర, దర్బారు తెర, సముద్రం తెర. వాటిని బోర్లా తిప్పి వీపు మీద రంగు వేస్తున్నాడు లోరెంజ్. ఇప్పుడు అతను పట్టాలు గీస్తున్న గుడ్డకి అడుగున, పాతికేళ్ళ వయసులో అతను మొదటిసారి సొంతంగా వేసిన అడవి, బీచ్ అనే చలిదేశపు చెట్లది, ఉంది. ఆ సంగతి బల్తాజర్‌కి తెలుసు. ఆ ఒక్క విషయం మీద మాత్రం అతను హాస్యమాడలేదు.

మధ్యాహ్నం వైమానికదళం కారు వచ్చింది. లెఫ్టినెంట్ కోస్లిన్ దిగి, గుడ్డ అంచు దగ్గరే ఆగి, తోలు సంచిలోంచి ఒక ఫోటో తీశాడు. యుద్ధానికి ముందు ఆయన మేడలు కట్టించే ఇంజనీరు. ఎవరితోనైనా మర్యాదగానే మాట్లాడతాడు.

"నిన్న మా విమానం పైనుంచి తీసింది. చూడండి, వేగెలే గారూ."

లోరెంజ్ చేతులు ప్యాంటుకి తుడుచుకుని ఫోటో అందుకున్నాడు. తను వేసినదాన్ని అంత ఎత్తునుంచి చూడ్డం అదే మొదలు. పట్టాలు పట్టాల్లా ఉన్నాయి. ప్లాట్‌ఫారాలు మాత్రం బల్లమీద పెట్టిన కాగితం ముక్కల్లా ఉన్నాయి.

"నీడ లేదు," అన్నాడు.

"నేనూ అదే అనుకున్నాను. నిజం స్టేషన్‌లో కప్పు ఎత్తుకి పక్కన ఇంత వెడల్పున నీడ పడుతుంది. మనది నేలకి నడుమెత్తు."

"పొద్దుటి నీడ వెయ్యాలా, సాయంత్రం నీడా?"

"ఇంగ్లీషువాళ్ళు ఫోటోలు తీసేది పగలు పదకొండు ప్రాంతంలో."

లోరెంజ్ సూర్యుడికేసి ఒకసారి చూశాడు. తరవాత ఫోటోకేసి. బూడిదరంగులో కొంచెం నీలం కలపాలి, అంచు మరీ కత్తిరించినట్టుండకూడదు, గడ్డి మీద పడేచోట ఆకుపచ్చ పైకి తేలాలి. ఆలోచిస్తున్నకొద్దీ అతని మొహం విప్పారింది. నాటకశాలలో ఏ దొరా, ఏ డైరెక్టరూ అతని పనిని ఇంత దగ్గరగా చూసినవాడు కాదు. తెర లేచాక వాళ్ళ కళ్ళన్నీ పాడేవాళ్ళ మీదే ఉండేవి.

వచ్చిన మొదటిరోజే అతను కోస్లిన్‌ని అడిగాడు, "మరి ఊరి సంగతి?" అని. ఊరు పైన గట్టు మీద ఉందనీ, లెక్కలన్నీ వేసే స్థలం ఎంచారనీ కోస్లిన్ చెప్పాడు. "బాంబులకి ఆ లెక్కలు తెలుసా అండీ?" అన్నాడు బల్తాజర్. కోస్లిన్ నవ్వలేదు. ఇద్దరిచేతా జెండా మీద చెయ్యి పెట్టించి ప్రమాణం చేయించుకున్నాడు. బయట ఒక్క ముక్క పొక్కితే తల పోతుందని కూడా అంతే మర్యాదగా చెప్పాడు.

ఇప్పుడు కోస్లిన్ కారెక్కుతూ, "మీవంటి పనివాడు దొరకడం మా అదృష్టం," అన్నాడు. లోరెంజ్ సంతోషించాడు. కారు వంపు తిరిగాక, తను సంతోషించినట్టు తనకే తెలిసింది. కుంచె బకెట్‌లో ముంచాడు.

లోరెంజ్‌కి బస ఊళ్ళో రోసీన ఇంట్లో ఇచ్చారు. ముప్పైనాలుగేళ్ళ మనిషి. మొగుడు మథియాస్ రష్యాలో ఉన్నాడు. ద్రాక్షతోట, రెండు ఆవులు, ఆరేళ్ళ కూతురు ఎల్స, మామ గొట్లోబ్, అన్నీ ఆమె చేతులమీదే. కోతల రోజులు కావడంతో ఆమె వేళ్ళు ద్రాక్షరసానికి నల్లబడి ఉన్నాయి. సాయంత్రం లోరెంజ్ గుమ్మం దగ్గర బూట్లు విప్పుతుంటేనే లోపల్నుంచి కేక వచ్చింది.

"ఆ జిగురు కోటు బయటే తగిలించండి వేగెలే గారూ. నిన్న మా పిల్లి మిమ్మల్ని చూసి దొడ్లోకి పారిపోయింది."

బల్లమీద పప్పు సూపు, నల్ల రొట్టె, ఉల్లిపాయల రొట్టె పెట్టింది. కొత్త ద్రాక్షరసం జగ్గులో బుసబుస పొంగుతోంది. గొట్లోబ్ అప్పటికే సర్దుకు కూచుని ఉన్నాడు. ఆయనకి చెముడు. అందుకని తను మాట్లాడేదే ఎక్కువ.

"కప్పు వేశారా?"

"వేస్తున్నామండీ."

"అద్దాలదేనా? గట్టుమీంచి తళతళలాడుతోంది." లోరెంజ్ తల ఊపాడు. ముసలాయన రొట్టె ముక్కని సూపులో ముంచి, పట్టుకునే ఉండిపోయాడు. "మా నాన్న రోజుల్లో రాజుగారికి అర్జీ పెట్టారయ్యా. ఊరంతా వేలిముద్రలు వేసింది. అయినా రైలు నది అవతలనుంచే పోయింది. మా అన్నకి జ్వరమొస్తే ఎడ్లబండిలో వేసుకుని రైలుకని పోయాం. బండి దారిలోనే ఉంది, వాడు పోయాడు. ఇదిగో, ఇప్పుడు అడక్కుండానే కడుతున్నారు. యుద్ధంలో ఒక్కోసారి ఇలాంటి మంచి కూడా జరుగుతుంది."

"మామయ్యా, సూపు చల్లారుతోంది."

"బోర్డు మీద క్రేబాహ్ అనే రాస్తారు కదా?" అని అడిగింది రోసీన, లోరెంజ్ గిన్నెలో ఇంకో గరిటె వేస్తూ. "అవతలి ఊరివాళ్ళు వాళ్ళ పేరు పెట్టాలని మేయర్ దగ్గరికి తిరుగుతున్నారంట. బోర్డు రాసేది మీరేగా. పెద్ద అక్షరాలతో రాసెయ్యండి, తరవాత ఎవడు చెరుపుతాడో చూస్తాను."

"పైవాళ్ళు చెప్పాలమ్మా అది."

"పైవాళ్ళకి క్రేబాహ్ ఎక్కడుందో ఏం తెలుసు? మథియాస్ సెలవు మీద వచ్చినప్పుడు అవతలి స్టేషన్‌లో దిగి, వీపు మీద సంచితో మంచులో నడిచి వచ్చాడు. వచ్చేసరికి కాలివేళ్ళు రెండు నల్లబడిపోయాయి. ఈసారి ఇంటి ముందే దిగుతాడు."

లోరెంజ్ తల వంచుకుని తిన్నాడు. పప్పు బాగుంది. అందులో ఎక్కడిదో చిన్న పంది కొవ్వు ముక్క కూడా ఉంది. ఆ ముక్క తన గిన్నెలోనే పడిందనీ, పొరపాటున పడలేదనీ అతనికి తెలుసు.

మూడోనాడు గాలి లేచింది. తెల్లారేసరికే కొండమీంచి విరుచుకుపడి, తాళ్ళన్నీ వాయించింది. బల్తాజర్, సిపాయిలు ఒక వైపు కప్పుల్ని పట్టుకుని వేలాడుతుండగా, రెండోవైపు ఒక పెద్ద గుడ్డ మేకులు పీకించుకుని లేచింది. తీగకంచె దాటి, ద్రాక్షతోటలో గుంజల మీద పడి చిక్కుకుంది. లోరెంజ్ మేజోళ్ళతోనే బురదలో పరిగెత్తాడు.

అది రోసీన తోట. ఆమె వీపు మీది గంప దించేసి, గుడ్డ కొస దొరకబుచ్చుకుని, ఎగరకుండా దానిమీద మోకాళ్ళతో కూచుంది. లోరెంజ్ రొప్పుతూ వచ్చేసరికి, ఆమె ఆ కొసని తిప్పి అటూ ఇటూ చూస్తోంది. ఒకవైపు పూర్తికాని అద్దాల కప్పు. రెండోవైపు బీచ్ చెట్లు, వాటి మధ్యనుంచి పడే ఎండ, అడుగున రాలిన ఆకులు.

"ఇదేంటండీ?"

"తెర."

"తెరని తెలుస్తోంది, నాకూ కళ్ళున్నాయి. ఈ కప్పు కింద వాన పడితే జనం ఎక్కడ నిలబడతారు?"

లోరెంజ్ రెండో కొస వెతుక్కుంటూ వంగాడు. ఆమె తన కొస వదల్లేదు.

"రైలు రాదు కదా?"

"రాదు."

రోసీన దిగువన పచ్చికబయలుకేసి చూసింది. అక్కణ్ణుంచి పొట్టి గుంజల మీద ఊగుతున్న కప్పులు, వాటి పక్కన నేలమీద పులిమిన నీడలు తేటగా కనిపిస్తున్నాయి. తరవాత మొహం ఎత్తి ఆకాశంలోకి చూసింది. పరుగెత్తే మబ్బులు తప్ప అక్కడ ఏమీ లేదు.

"పైనుంచి చూసేవాళ్ళ కోసం," అంది మెల్లిగా.

"గట్టిగా అనకమ్మా."

"గట్టిగా ఎక్కడన్నాను? గొంతు రావడం లేదు నాకు." గుడ్డని ఒళ్ళోకి లాక్కుంది. "మీ ఆవిడ ఎక్కడుంటుంది?"

"నగరంలో."

"నగరంలో ఎక్కడ?"

"స్టేషన్ వెనక వీధిలో."

"ఏ స్టేషన్?"

లోరెంజ్ ఆమె ఒళ్ళో ఉన్న గుడ్డకేసి చూశాడు. ఆమె కూడా దాన్నే చూసింది.

"అయితే ఆవిడో, మేమో," అంది.

"లెక్కలు వేశారంట. ఊరిమీద పడవంట."

"మీరు నమ్మారా?"

గాలికి గుడ్డ వాళ్ళిద్దరి మధ్యా కొట్టుకుంటోంది.

"ఇన్నాళ్ళుగా నా బల్ల దగ్గర కూచున్నారు. మా మామయ్య స్టేషన్, స్టేషన్ అని పసిపిల్లాడిలా మురుస్తుంటే వింటూ కూచున్నారు. గొంతులోకి ముద్ద ఎలా దిగిందండీ?"

"ప్రమాణం చేయించుకున్నారు రోసీనా. తల పోతుంది."

"ఎవరి తల?"

కింద బల్తాజర్ పిలుస్తున్నాడు. ఇద్దరు సిపాయిల్లో ఒకడు కంచె దగ్గరికి వచ్చి ఇటు చూస్తున్నాడు. లోరెంజ్ గుడ్డని మడత పెడుతున్నట్టు ఆమె దగ్గరగా జరిగాడు.

"కొండలోకి తొలిచిన వైన్ గది ఉందన్నావు కదా, మీది. రాత్రిళ్ళు అక్కడ పడుకోండి. ఇవాళ్టినుంచే. ఇంటి నేలమాళిగ పనికిరాదు."

"అందులో ఇంకో ఇల్లు కూడా పడుతుంది. పౌలీనత్త వాళ్ళని పిలవనా? మా గోడా వాళ్ళ గోడా ఒకటే."

"ఎందుకని అడిగితే ఏం చెబుతావు?"

"ఉన్నదే చెబుతాను."

"ఆవిడ కోడలికి చెబుతుంది. కోడలు నీళ్ళ దగ్గర చెబుతుంది. సాయంత్రానికి మేయర్ చెవిన పడుతుంది. పొద్దున్నే నన్ను తీసుకుపోతారు. నీకెలా తెలిసిందని నిన్నూ తీసుకుపోతారు. నీ పిల్ల ఎవరి దగ్గరుంటుంది?"

ఆమె కళ్ళు అతని మొహం మీద నిలిచాయి.

"మరి ఏం చెయ్యమంటారు?"

"నీ ఇష్టం," అన్నాడు లోరెంజ్.

"బాగుంది," అంది రోసీన. గుడ్డ కొసని అతని చేతుల్లోకి తోసింది. "మీ మూట తెచ్చి నా నెత్తిన పెట్టారు."

ఆ సాయంత్రం బల్ల మీద అన్నీ ఎప్పటిలాగే పెట్టింది. తిన్నాక దుప్పట్లు చుట్టి, పిల్లని చెయ్యి పట్టుకుని, మామకి కర్ర అందించింది. ఎందుకని ఆయన పదిసార్లు అడిగాడు. ఆమె ఆయన చెవిలో ఏదో అరిచింది, ఆయన గొణుక్కుంటూ బయల్దేరాడు. లోరెంజ్ పరుపు భుజాన వేసుకుని వెనక నడిచాడు. అతన్ని రమ్మనలేదు, వద్దనీ అనలేదు.

పక్కింటి అరుగు మీద పౌలీన బీన్సు వలుస్తోంది. కోట్ గుండీకి పార్టీ బిళ్ళ పెట్టుకుని మేయర్ అక్కడే నిలబడి కోతల లెక్క అడుగుతున్నాడు. లోపల పౌలీన కోడలు హెడ్విగ్ పిల్లల్ని కసురుతున్న గొంతు వినబడుతోంది.

"ఏమే రోసీనా, కాపురం కొండమీదకి మార్చావా?" అంది పౌలీన. "వైన్‌కి కాపలా కాయడానికా, తాగడానికా?"

మేయర్ నవ్వాడు. రోసీన ఆగింది. నోరు తెరిచింది. ఆమె చూపు పౌలీన చేతుల్లోని చేట మీంచి మేయర్ గుండీ మీదకి పోయింది. తరవాత పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుని కొండకేసి నడిచింది.

మర్నాడు సాయంత్రం అరుగు మీద మేయర్ లేడు. వీధిలో ఎవరూ లేరు. పౌలీన ఒక్కతే ఆవుకి కుడితి కలుపుతోంది. రోసీన పిల్లనీ మామనీ ముందుకి పంపి, కంచె దగ్గర నిలబడింది. లోరెంజ్ కాస్త వెనగ్గా పరుపుతో ఆగిపోయాడు.

"పౌలీనత్తా."

"ఏంటే?"

పౌలీన మోచేతులదాకా కుడితి అంటిన చేతులు ఎత్తి పట్టుకుని ఆమెకేసి చూస్తోంది. లోరెంజ్ పరుపుని రెండో భుజానికి మార్చుకున్నాడు. రోసీన చెబితే బాగుండునని అనుకున్నాడో, చెప్పకపోతే బాగుండునని అనుకున్నాడో, ఆ తరవాత ఎంత తవ్వుకున్నా అతనికి తేలలేదు.

"ఏం లేదు," అంది రోసీన. "చలిగా ఉంది. లోపలికి వెళ్ళు."

"ఆవు ఇవాళో రేపో ఈనేలా ఉంది. నాకెక్కడ లోపల?" అని పౌలీన మళ్ళీ కుడితిలో చెయ్యి పెట్టింది.

ఆ మరుసటి రాత్రి ఇంగ్లీషువాళ్ళ విమానాలు వచ్చాయి. కొండలోపల పీపాలు ఒకదానికొకటి కొట్టుకున్నాయి. ఎల్స తల్లి ఒళ్ళో తల దూర్చింది. గొట్లోబ్ చెముడువల్ల సగమే విన్నాడు, ఆ సగానికే వణికాడు. లోరెంజ్ తలుపు దగ్గర కూచుని మోకాళ్ళు పట్టుకున్నాడు. రోసీనా అతనూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోలేదు.

తెల్లారి దిగివస్తుంటే ముందు దిగువన పచ్చికబయలు కనిపించింది. స్టేషన్ దాదాపు అలాగే ఉంది. ఇంజన్ల కొట్టు ఒకటి కాలింది, రెండు కప్పులు చిరిగి వేలాడుతున్నాయి, ప్లాట్‌ఫారం పక్కన గుంటలు పడ్డాయి. మిగతా బాంబులన్నీ ఊరున్న గట్టుమీద పడ్డాయి. చర్చి గోపురం ఉంది, చర్చి లేదు. వీధిలో ఒక వరసంతా ఇటుకలు, దూలాలు, పొగ. రోసీన ఇంటికి ఒక గోడ పోయి, వంటింటి బల్ల వీధిలోకి కనిపిస్తోంది. పౌలీన ఇల్లు లేదు. పశువుల కొట్టు మాత్రం పెరటి చివర నిలబడి ఉంది. దాని గుమ్మంలో పౌలీన, చేతులకి నెత్తురుతో, ఇంకా తడి ఆరని దూడ పక్కన కూచుని ఉంది. మనుషులు ఇటుకలు తీస్తున్నారు. నేలమాళిగలో హెడ్విగ్, ఇద్దరు పిల్లలు ఉన్నారు. ముందు చిన్నాడు దొరికాడు.

లోరెంజ్ కూడా ఇటుకలు తీశాడు. చేతులు చీరుకుపోయేదాకా తీశాడు. బల్తాజర్ తను బస చేసిన సత్రం నేలమాళిగలోంచి బతికి బయటపడి వచ్చి అతని పక్కన నిలబడి ఇటుకలు అందుకున్నాడు. ఆ తరవాత మళ్ళీ అతను హాస్యమాడ్డం లోరెంజ్ వినలేదు.

మధ్యాహ్నం కోస్లిన్ వచ్చాడు. టోపీ తీసి, శిథిలాల ముందు కొంతసేపు నిలబడ్డాడు. తరవాత లోరెంజ్‌ని పక్కకి పిలిచాడు.

"నగరంలో ఒక్క కిటికీ అద్దం కూడా పగల్లేదు, వేగెలే గారూ. స్టేషన్‌లో పొద్దున రైళ్ళు వేళకే నడిచాయి."

లోరెంజ్‌కి ముందు తట్టింది భార్య ఓటీలియా. పొద్దున లేచి, కిటికీ తెరిచి, కాఫీకి నీళ్ళు పెట్టుకుని ఉంటుంది. ఒళ్ళంతా ఒక్కసారి తేలికైంది. వెంటనే తన చేతులకేసి చూసుకున్నాడు. ఇటుక దుమ్ము, దాని కింద నల్లరంగు.

"పూర్తిగా నమ్మారు," అన్నాడు కోస్లిన్. గొంతు తగ్గించే అన్నాడు. "మళ్ళీ వస్తారు. ఈ వారంలో చిరిగినవన్నీ బాగుచెయ్యాలి. మీకు మనుషుల్ని ఇప్పిస్తాను."

"ఎక్కడి మనుషులు?"

"ఈ ఊరివాళ్ళే."

"ఇంకెక్కడైనా కట్టకూడదా అండీ?" అన్నాడు లోరెంజ్.

"నది వంపు ఇక్కడే ఉంది," అన్నాడు కోస్లిన్. టోపీ పెట్టుకున్నాడు.

సోమవారం శవపెట్టెల్ని పూడ్చారు. చర్చి లేదు కనక పాస్టర్ బయటే ప్రార్థన చదివాడు. గాలికి ఆయన మాటలు సగం ఎటో పోయాయి. అయిపోయాక మేయర్ అక్కడే ఒక కాగితం తీసి చదివాడు. సైన్యం గుడారాలు గాలికి చిరిగాయనీ, కుట్టడానికి ఇంటికొక ఆడమనిషి గోనెసూదితో రేపు పొద్దున్న పచ్చికబయలు దగ్గరికి రావాలనీ. గుడారాలు అన్న మాట దగ్గర ఎవరూ తల ఎత్తలేదు. స్టేషన్ ఏమైందని ఎవరూ అడగలేదు. గొట్లోబ్ కర్ర మీద రెండు చేతులూ పెట్టుకుని, కొత్తగా తవ్విన మట్టినే చూస్తూ నిలబడ్డాడు. ఇంటికి పోయాక కూడా ఆయన రైలు మాట ఎత్తలేదు.

మంగళవారం ఆడవాళ్ళు వచ్చారు. కంచె తెరిచి లోపలికి పంపారు. గుడ్డల మీది పట్టాలు, కప్పులు, గడ్డి మీది నీడలు చూస్తూనే నడిచి వెళ్ళారు. లోరెంజ్ జిగురు పొయ్యి దగ్గర నిలబడి, ఎవరైనా వచ్చి మొహాన ఉమ్మేస్తే బాగుండుననుకున్నాడు. ఎవరూ రాలేదు. ఒకావిడ మాత్రం, ఏ దారం వాడాలని అడిగింది. మైనం పూసిన దారం ఇచ్చాడు. బూట్లు విప్పి గుడ్డ ఎక్కమని చెప్పాడు. వరసగా బూట్లు విప్పి, మేజోళ్ళతో, అవి మరీ చిరిగినవాళ్ళు వట్టికాళ్ళతో, చుట్టూ కూచున్నారు.

పౌలీన కూడా వచ్చింది. ఆమెని రమ్మన్నవాళ్ళు లేరు. ఆమెకి ఇల్లే లేదు, ఇంటికొక మనిషన్న లెక్కలో ఆమె రాదు. నల్ల రుమాలు కట్టుకుని, ఎవరిదో సూది అడిగి తీసుకుని, రోసీన పక్కన కూచుంది. "ఊరికే కూచోలేకపోతున్నాను," అంది.

చాలాసేపు సూదులు గుడ్డలో దిగుతున్న చప్పుడే వినబడింది. గట్టిగుడ్డ, ఒక్కో కుట్టుకీ అరచేత్తో తొయ్యాల్సి వస్తోంది. లోరెంజ్ చిరుగులకి ముందే జిగురు పూసుకుంటూ, బకెట్‌తో వాళ్ళ వెనకగా జరుగుతున్నాడు.

"రోసీనా," అంది పౌలీన. కుట్టు మీంచి కళ్ళు ఎత్తకుండానే. "నీకెలా తోచిందే, కొండెక్కాలని?"

రోసీన సూది ఆగిపోయింది. లోరెంజ్ బకెట్ కింద పెట్టబోయినవాడు, చప్పుడవుతుందని, అలాగే పట్టుకుని వంగి ఉండిపోయాడు. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు కూడా చేతులు ఆపారు. ఆ ప్రశ్న ఊళ్ళో అందరి నోళ్ళలోనూ ఉంది.

రోసీన అతనికేసి చూడలేదు. చూస్తుందనే అతను అనుకున్నాడు. చూసి, వేలెత్తి చూపించినా తప్పించుకోకూడదని కూడా అనుకున్నాడు. ఆమె తన ఒళ్ళోని గుడ్డ మడతని అరచేత్తో సాపు చేసింది.

"పిల్లకి దగ్గు అత్తా," అంది. "ఇంట్లో నేలమాళిగ తేమకి ఎక్కువవుతోంది. అందుకని ఎక్కాం."

గొంతు ఎక్కడా తొణకలేదు. ఎల్సకి ఈ నెలంతా దగ్గు లేదు. ఆ ఇంట్లో పడుకున్న లోరెంజ్‌కి అది తెలుసు.

పౌలీన తల ఊపింది. ఆపకుండా చాలాసేపు ఊపుతూనే ఉంది.

"మా చిన్నాడికీ దగ్గే," అంది. "హెడ్విగ్ చెబుతూనే ఉంది, తేమకి పడటం లేదత్తయ్యా అని. నాకే తట్టలేదు."

అవతలి కొసన ఒకావిడ మళ్ళీ కుట్టడం మొదలుపెట్టింది, తరవాత మిగతావాళ్ళు. పౌలీన సూదిని కంటి దగ్గరికీ దూరానికీ జరిపి, దారం కొసతో రెండుసార్లు పొడిచి, వదిలేసింది.

"కాస్త ఇది ఎక్కించి పెట్టవే. కళ్ళు ఆనడం లేదు."

రోసీన సూది అందుకుంది. దారం కొసని నోట్లో తడిపి, వేళ్ళ మధ్య నలిపి, వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. మొదటిసారి తప్పింది. రెండోసారి ఎక్కింది. చివర ముడివేసి, లాగి చూసి, పౌలీన చేతిలో పెట్టింది. పౌలీన ముందుకి వంగి, కప్పు చిరుగుని రెండు వేళ్ళతో దగ్గరికి తెచ్చి, కుట్టసాగింది.